మోయాను ఎవరైనా అడిగారా?

అంతరిక్ష ఓడలో ఒక్కో వ్యవస్థా ఆగిపోతోంది. మరమ్మతులు చేయాల్సిన చిన్న చిన్న యంత్రాలు తిరగబడి లోపలున్నవాళ్ల మీదే దాడి చేస్తున్నాయి. ఓడను నడిపే పైలట్‌కు స్పృహ లేదు. లోపలివాళ్లకు ఒకటే టెన్షన్: శత్రువులు పోతూ పోతూ ఎక్కడో ఏదో పెట్టి పోయారు, ఓడ పాడైపోయింది, ఏ భాగం కోసేస్తే మనం బతుకుతాం? చివరికి తేలిందేమిటంటే ఓడకు ఏ జబ్బూ లేదు. కడుపుతో ఉంది.

బిడ్డకు లోపలున్న ఈ మనుషుల వల్లే ముప్పు అనుకుంది ఓడ. అందుకే వాళ్లను పక్కన పెట్టేసింది. అప్పుడు జాన్ క్రైటన్ అనే వ్యోమగామి ఒక మరమ్మతు యంత్రం ముందు కూర్చుని, దాని ద్వారా ఓడతో మాట్లాడతాడు. నీ బిడ్డకు మేం హాని చేయం అని నచ్చజెబుతాడు. ఓడ వింటుంది, శాంతిస్తుంది.

‘ఫార్‌స్కేప్’ అనే సీరియల్ మొదటి సీజన్‌లో వచ్చే ఘట్టం ఇది. రాక్నే ఎస్. ఒబానన్ ఆలోచన, బొమ్మలకు పేరుపడ్డ జిమ్ హెన్సన్ కంపెనీ నిర్మాణం. సిడ్నీలో తీశారు. అమెరికాలో సై-ఫై ఛానల్‌లో 1999 మార్చిలో మొదలై 2003 దాకా 4 సీజన్లు, 88 ఎపిసోడ్లు నడిచింది. 2004లో ముగింపుగా ఒక మినీ సిరీస్ వచ్చింది. అందులో క్రైటన్ ప్రేమకథా, అతని వెంటపడే విలన్లూ బోలెడు ఉన్నారు గానీ నన్ను పట్టుకున్నది మాత్రం ఆ ఓడే. ప్రాణమున్న ఓడ అనగానే అందరికీ అదెలా ఎగురుతుందనే సందేహం వస్తుంది. నాకు మాత్రం వేరే ప్రశ్న: దానిలోకి ఎక్కేముందు దాన్ని ఎవరు అడిగారు?

ఓడ పేరు మోయా. జాతి పేరు లెవయాథన్. పేరు బైబిల్లోని సముద్రపు మహాప్రాణిది. తెలుగు బైబిల్లో అది ‘మకరము’. యోబు గ్రంథం 41వ అధ్యాయంలో దేవుడు యోబును వరసగా నిలదీస్తాడు: దాన్ని గాలం వేసి లాగగలవా, అది నీతో ఒప్పందం చేసుకుని ఎల్లకాలం నీకు దాస్యం చేస్తుందా? సీరియల్ రాసినవాళ్లు ఈ వాక్యాన్ని మనసులో పెట్టుకున్నారో లేదో గానీ, మోయా కథంతా ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

లెవయాథన్‌లో సగం దేహం, సగం యంత్రం. రెంటి మధ్య గీత గీయలేం. లోపలి దారులు పక్కటెముకల్లా వంగి ఉంటాయి, గోడలు రాగి రంగులో మెరుస్తుంటాయి. ఆయుధాలు లేవు. ప్రమాదమొస్తే చేయగలిగింది ఒక్కటే, దాని పేరు స్టార్‌బర్స్ట్. ఉన్న శక్తినంతా కూడగట్టుకుని స్థలకాలాల అతుకుల సందులోంచి జారి ఇంకెక్కడో తేలుతుంది. ఎక్కడ తేలాలో ఎంచుకోలేదు. తేలిన వెంటనే మళ్లీ దూకనూ లేదు. బల్లి తోక వదిలేసి పారిపోయినట్టన్నమాట. తోక మళ్లీ పెరిగేదాకా ఆ ఉపాయం పనికిరాదు.

ఇక్కడ తెలుగులో రాసేవాడికి ఒక వెసులుబాటు, ఒక చిక్కు. ‘మోయా వచ్చింది’ అంటే ఆడమనిషి వచ్చినా అంతే, బస్సు వచ్చినా అంతే. క్రియ ఏమీ బయటపెట్టదు. సర్వనామం దగ్గరికి వచ్చేసరికి మాత్రం తేల్చుకోవాలి: ‘అది’ అనాలా, ‘ఆమె’ అనాలా? నేనింతవరకూ ‘అది’, ‘దాన్ని’ అంటూ వచ్చాను, గమనించే ఉంటారు. బిడ్డ కోసం లోపలివాళ్ల ప్రాణాలనే పణంగా పెట్టిన ప్రాణిని అలా అనడం ఇకపై నా వల్ల కాదు.

మనవాళ్లకు మాట వినే విమానం కొత్తదేం కాదు. పుష్పకం తలచుకున్న చోటికి పోతుంది. కుబేరుడి దగ్గర ఉండేది, రావణుడు లాక్కున్నాడు. రాముడు అందులో అయోధ్యకు చేరి, ఇక కుబేరుడి దగ్గరికి వెళ్లిపొమ్మన్నాడు. ఉత్తరకాండలో అది తిరిగొచ్చి, నన్ను కుబేరుడే మళ్లీ నీ దగ్గరికి పంపాడని రాముడితో చెబుతుంది. మాట్లాడగలదన్నమాట! ఇన్ని చేతులు మారిన ఆ విమానాన్ని, నీకెక్కడ ఉండాలనుంది అని ఎవరూ అడిగినట్టు కనబడదు.

ఆధునిక సైన్స్ ఫిక్షన్‌లోనూ మోయాకు ముందు బంధువులున్నారు. రాబర్ట్ షెక్లీ 1953లో రాసిన ఒక కథలో ఓడ అంటే వేర్వేరు జాతుల ప్రాణుల కూటమి. గోడలు ఒక జాతి, ఇంజన్ ఒక జాతి, కన్ను ఇంకో జాతి. ఆన్ మెకాఫ్రీ 1961లో రాసిన కథలో వికలాంగురాలిగా పుట్టిన ఒక ఆడపిల్ల ఓడకు మెదడవుతుంది. మొదటిది సహకార సంఘం, రెండోది ఓడ ఒంట్లో మనిషి. మోయా ఈ రెండూ కాదు. ఓడగానే పుట్టి, ఓడగానే పెరిగింది. మనిషి మనసుతో ఆమెను కొలవలేం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ముందు ఒంటి సంగతి చూద్దాం. అంతరిక్షంలో ప్రాణి బతకగలదా? 2007లో ఫోటాన్-ఎం3 ఉపగ్రహంలో టార్డిగ్రేడ్లు అనే సూక్ష్మ జంతువులను పంపి శూన్యంలోకి వదిలితే కొన్ని బతికి తిరిగొచ్చాయి. కాకపోతే ఎండిపోయి, ముడుచుకుపోయి, నిద్ర లాంటి స్థితిలో. పిల్లల్ని కంటూ, భయపడుతూ, అలుగుతూ శూన్యంలో తిరగడం వేరే సంగతి. తిండి లెక్క ఇంకా కష్టం. భూమి దగ్గర సూర్యరశ్మి చదరపు మీటరుకు సుమారు 1361 వాట్లు, గురుగ్రహం దగ్గర 50 వాట్లు, నక్షత్రాల మధ్య దాదాపు సున్నా. ఎండ తిని బతికే ఓడ ఏదో ఒక సూర్యుడి దగ్గరే మేస్తూ ఉండాలి. సీరియల్ ఈ లెక్కల జోలికి పెద్దగా పోదు. నేనూ పోను.

కానీ నాడుల లెక్క వదలలేను, ఎందుకంటే కథలోని ఒక ఏర్పాటు దాంతోనే అర్థమవుతుంది. మన ఒంట్లో అతి వేగంగా పోయే నాడీ సంకేతం సెకనుకు సుమారు 100 మీటర్లు పోతుంది. నీలి తిమింగలం పొడవు 30 మీటర్లు అనుకుంటే తోక కొస వార్త తలకు చేరడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. సర్దుకోవచ్చు. కిలోమీటరు పొడవున్న ప్రాణికైతే 10 సెకన్లు, జవాబు వెనక్కి పోవడానికి ఇంకో 10. తోక కాలుతోందని తల తెలుసుకునేలోపు తోకే ఉండదు.

కాబట్టి అంత పెద్ద ఒళ్లు ఒకే తల చెప్పినట్టు నడవడం కష్టం. ఆలోచనను ఒళ్లంతా పంచాలి. ఆక్టోపస్ చేసిన పని అదే. దానికున్న సుమారు 50 కోట్ల నాడీకణాల్లో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయి. చెయ్యి తనంతట తాను తడుముకుంటుంది, తేల్చుకుంటుంది. మోయాలో ఈ పని చేసేవి డీఆర్‌డీలు, మొదట్లో తిరగబడ్డ ఆ చిన్న యంత్రాలే. పసుపురంగు పురుగుల్లా రెండు మీసాలేసుకుని నేల మీద తిరుగుతుంటాయి. మనుషుల కళ్లకు అవి మరమ్మతు యంత్రాలు. మోయాకు మాత్రం అవి తెల్ల రక్తకణాలూ, వేలికొసలూ కలిసినట్టు. క్రైటన్ డీఆర్‌డీతో మాట్లాడటం చూసి నవ్వొస్తుంది గానీ, ఆలోచిస్తే అతను ఆమె వేలు పట్టుకుని మాట్లాడుతున్నాడు.

ఇక పైలట్. పేరు చూసి మోసపోవద్దు, యూనిఫాం వేసుకుని సీట్లో కూర్చునే మనిషి కాదు. వేరే జాతి ప్రాణి. పెద్ద డిప్ప లాంటి తల, నాలుగు చేతులు, నడుము కింద భాగం ఓడలోకే కలిసిపోయి ఉంటుంది. ఒకసారి కలిశాక లేచి వెళ్లడం ఉండదు. తెర మీద అతనొక పెద్ద తోలుబొమ్మ. ఒకరికి మించి మనుషులు ఆడిస్తే తప్ప కదలడు. గొంతు లానీ టుపు అనే నటుడిది. ఆ బొమ్మ కళ్లలో కనిపించే అలసట చాలామంది నటుల ముఖాల్లో నేను చూడలేదు.

జీవశాస్త్రంలో ఈ బంధానికి దగ్గరి పోలిక మన కణాల్లోనే ఉంది. మైటోకాండ్రియాలు ఒకప్పుడు స్వతంత్రంగా తిరిగిన బాక్టీరియాలు. ఎప్పుడో ఇంకో కణంలో చేరి అక్కడే ఉండిపోయాయి. 1967లో లిన్ మార్గులిస్ ఈ మాటను గట్టిగా వాదించినప్పుడు నమ్మినవాళ్లు తక్కువ. ఇప్పుడది పాఠ్యపుస్తకాల్లో ఉంది. వాటికి ఇప్పటికీ సొంత డీఎన్ఏ ఉంది, మనుషుల్లో అయితే 37 జన్యువులు. కానీ బయటికొచ్చి బతకలేవు. మనమూ అవి లేకుండా బతకలేం. ఎవరు ఎవరికి అతిథి అంటే చెప్పడం కష్టం.

పైలట్‌కూ మోయాకూ మధ్య ఇంకో సంగతుంది, మైటోకాండ్రియాకు లేనిది: భాష. మోయా మాట మనకెప్పుడూ నేరుగా వినబడదు. ‘మోయా భయపడుతోంది’, ‘మోయాకు ఇష్టం లేదు’ అని పైలట్ చెబుతాడు, మనం నమ్ముతాం. సీరియల్‌లో నాకు అన్నింటికన్నా లోతుగా అనిపించిన ఏర్పాటు ఇదే. గుడి ముందు ఏనుగు పక్కన మావటి నిలబడి, ఇవాళ దానికి చిరాకుగా ఉంది, దగ్గరికి రాకండి అంటాడు. ఆ చిరాకు ఏనుగుదా, మావటిదా? అతనికి ఏనుగంటే ప్రాణం కావచ్చు, దాని ఒంటి కదలిక ఒక్కోటీ తెలిసుండొచ్చు. అయినా ఏనుగు మాట మనదాకా వచ్చేసరికి మావటి మాటైపోతుంది. అందుకే మోయా కడుపుతో ఉన్న ఆ ఎపిసోడ్ అంత ముఖ్యం. పైలట్ స్పృహలో లేడు. అనువాదకుడు లేకుండా మోయా తనంతట తాను మాట్లాడిన అరుదైన సందర్భం అది. ఆమె చెప్పిన మొదటి మాట ‘వద్దు’. ఆ ప్రాణికి మనసుందని నమ్మడానికి నాకు అంతకన్నా రుజువు అక్కర్లేదు.

మావటి ఉంటే అంకుశమూ ఉంటుంది. ఆ కథాలోకంలో పీస్‌కీపర్లనే సైనిక జాతి లెవయాథన్లను పట్టుకుని కంట్రోల్ కాలర్ తొడుగుతుంది. అది మెడలో ఉన్నంతసేపూ స్టార్‌బర్స్ట్ ఉండదు, చెప్పిన చోటికి పోవడమే. ఖైదీలను మోసే బండిగా మోయాను వాడుకున్నారు. మొదటి ఎపిసోడ్‌లో ఆ ఖైదీలే కాలర్ ఊడగొడతారు, అందరూ కలిసి పారిపోతారు. బానిసత్వం తెగిపోయింది, శుభం అనుకుంటాం.

కానీ ఖైదీలు ఆ కాలర్ తీసింది మోయా కోసమా, తాము తప్పించుకోవడానికా? కొన్ని ఎపిసోడ్లు గడిచాక జవాబు దొరుకుతుంది. ఇంటికి దారి చూపే పటాలు ఇస్తానంటాడొక శాస్త్రవేత్త. బదులుగా పైలట్ చెయ్యి కావాలంటాడు. ముగ్గురు ఖైదీలు కలిసి పైలట్ చెయ్యి నరికి ఇచ్చేస్తారు. చెయ్యి మళ్లీ మొలుస్తుందిలే అని వాళ్ల సమాధానం. మొలుస్తుంది కూడా. పైలట్ కోప్పడడు. సేవ చేయడమే తన జాతి ధర్మం అన్నట్టు మాట్లాడతాడు. నిజానికి ఆ సహనమే మనల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. అడిగితే కాదనలేనివాడి ఔననడానికి ఏం విలువ?

ఇంతకీ పైలటూ మోయా మనసారా కలిసిన జంటేనా? రెండో సీజన్‌లో ఈ ముడి విప్పుతారు. మోయాకు అంతకుముందు ఇంకో పైలట్ ఉండేది. పీస్‌కీపర్లు చెప్పినట్టు చేయడానికి ఒప్పుకోలేదు. వాళ్లు ఆమెను ఆమె గూటిలోనే కాల్చి చంపారు. ఆ స్థానంలోకి ఇప్పటి పైలట్‌ను తెచ్చి బలవంతంగా అతికించారు. సహజంగా కలవడానికి చాలాకాలం పడుతుంది, వాళ్లకు అంత ఓపిక లేదు. అప్పటి నుంచీ అతనికి ఒంట్లో నొప్పి పోలేదు, ఎవరికీ చెప్పలేదు. అతని తప్పూ ఉంది. ఓడతో కలిసి నక్షత్రాలు చూడాలని చిన్నప్పటి నుంచీ ఆశ. తన జాతి పెద్దలు అందుకు తగవన్నారు. పీస్‌కీపర్లు అవకాశం ఇస్తామంటే, తాను ఒప్పుకుంటే పాత పైలట్ గతి ఏమవుతుందో తెలిసీ ఒప్పుకున్నాడు. మోయా మాటను మనకు చెప్పే ఒకే ఒక్క గొంతు ఇలాంటి చరిత్రలోంచి వచ్చింది. ఈ ఎపిసోడ్ చివర అతను ఆ బలవంతపు అతుకు తెంచుకుని, ఎంతకాలం పట్టినా సరే, సహజంగానే కలుస్తానంటాడు. మోయా ఒప్పుకుంటుంది. నా లెక్కలో ఇద్దరి పెళ్లి ఆరోజే.

పుట్టబోయే బిడ్డ విషయంలోనూ మోయాను ఎవరూ అడగలేదు. ఆయుధాలున్న లెవయాథన్‌ను పుట్టించాలని పీస్‌కీపర్లు చేసిన ప్రయోగం అది. పిండం ఎదగకుండా ఒక అడ్డు పెట్టి ఉంచారు. డార్గో అనే ఖైదీ తెలియక దాన్ని పగలగొట్టడంతో కడుపు నిలిచింది. కాన్పు కష్టమైంది. ఒంటి నిండా ఫిరంగులున్న బిడ్డ మామూలుగా బయటికి రాలేదు, తల్లి ఒంట్లోంచి కాల్చుకుంటూ దారి చేసుకోవాల్సి వచ్చింది. పుట్టింది మగబిడ్డ, పేరు టాలిన్. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు కదా, ఆయుధమంటే ఎరగని తల్లికి ఈ తుపాకుల పిల్లాడూ అంతే ముద్దు.

టాలిన్‌కు పైలట్ లేడు. మెడ వెనక ఒక పరికరం అతికించుకుని మనిషే అతని మనసుతో కలుస్తాడు. క్రైస్ అనే మాజీ పీస్‌కీపర్ కెప్టెన్ అలా కలిశాడు. ఇక్కడ తేడా చూడండి. పైలట్ తన బతుకంతా ఓడకే రాసిచ్చినవాడు, ఓడ పోతే తనకూ బతుకు లేదు. క్రైస్ కావాలంటే ఆ పరికరం పీకి పారేసి వెళ్లిపోగలడు. అతని కోపాలూ భయాలూ మాత్రం పసివాడి మనసులోకి నేరుగా దిగుతాయి. టాలిన్ రానురాను ఎవరిని చూసినా శత్రువే అనుకోవడం మొదలుపెట్టాడు. ఒకసారి ఆసుపత్రి ఓడనే కాల్చేశాడు. పెంపకం తప్పా, పుట్టుక తప్పా అని వాదించుకోవచ్చు. నేనైతే పెంపకానికే ఎక్కువ మార్కులు వేస్తాను. మూడో సీజన్ చివర్లో శత్రువుల మహానౌక లోపల ఉండగానే స్టార్‌బర్స్ట్ చేసి, క్రైస్‌తో సహా దాన్నీ తననూ పేల్చేసుకుంటాడు.

లెవయాథన్లను తొలుత తయారుచేసినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లను బిల్డర్లంటారు. శాంతి దూతలుగా ఉండమని చేశారట. యుద్ధనౌకను కన్న మోయా ఇక బతకకూడదని వాళ్లలో ఒకరు తీర్పు చెప్పడానికి వస్తాడు. బలవంతంగా కడుపు చేసిందొకరు, శిక్ష ఈమెకు! ఊళ్లలో ఇలాంటి పంచాయతీలు చూసిన మనకు అంతరిక్షంలోనూ అదే కనబడితే ఒళ్లు మండుతుంది. చివరికి అతను వెనక్కి తగ్గుతాడు. చేసినవాడికి చేసినదానిపై హక్కుంటుందా అనే పెద్ద ప్రశ్న అక్కడ తలుపు తట్టి వెళ్లిపోతుంది. ఇంకాసేపు కూర్చోబెట్టాల్సింది.

మొత్తం కథలో నేను మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి చూసేది ఒక చిన్న విషయం. బిడ్డకు పేరు పెట్టమని మోయా ఎయరిన్ సన్‌ను అడుగుతుంది. ఎయరిన్ అంతకుముందు పీస్‌కీపర్ సైనికురాలు. ఆమె తన తండ్రి పేరే పెట్టింది, టాలిన్ అని. మొదటిసారి చూసినప్పుడు ముచ్చటైన బారసాల అనుకుంటాం. ఆ తర్వాత, రెండో సీజన్‌లో, పాత పైలట్‌ను చంపిన రోజు నాటి వీడియో దొరుకుతుంది. తుపాకులు ఎత్తిన సైనికుల్లో ఎయరిన్ ఉంది.

ఆ హత్య జరిగింది మోయా లోపల. వీడియో దొరకక ముందు ఆ సంగతి మిగతా ఎవరికీ తెలియదు. కొత్త పైలట్ కూడా ఎయరిన్‌ను గుర్తుపట్టలేదు. మరి మోయా? తన ఒంట్లో తన తోడును కాల్చినవాళ్లలో ఈ పిల్ల ఉందని తెలిసే పేరు పెట్టమని అడిగిందా? తెలియక అడిగిందా? కబురు తెచ్చింది పైలట్. ‘మోయా మిమ్మల్ని అడుగుతోంది’ అన్నాడు, అంతే.